విల్లియం హట్టను: రోమను గోడను చూడ నడచిన వృద్ధుడు

ఇంగ్లాండు దేశపు ఉత్తర భాగమున, తూర్పు సముద్రతీరము మొదలుకొని పడమటి సముద్రతీరము వఱకు, దేశమునకు అడ్డముగా ఒక ప్రాచీనమైన రాతిగోడ పోవుచున్నది. కొన్నిచోట్ల అది మనుష్యుని నిలువెత్తున నిలిచియున్నది. కొన్నిచోట్ల పచ్చిక క్రింద మిట్టవలె కనబడును. పెక్కుచోట్ల దాని జాడయే లేదు. రోమకచక్రవర్తి యగు హేడ్రియను క్రీస్తుశకము 122వ సంవత్సరమున బ్రిటనునకు వచ్చినప్పుడు, తన సామ్రాజ్యపు ఉత్తరపు సరిహద్దున దీనిని కట్ట నాజ్ఞాపించెను. లీజియనులనబడు మూడు రోమను సేనాదళములవారు దీనిని కట్టిరి. దీని పొడవు రోమను కొలత ప్రకారము 80 మైళ్లు. నేటి కొలత ప్రకారము సుమారు 73 మైళ్లు. వెడల్పు 8 మొదలు 10 అడుగులు. ఎత్తు సుమారు 15 అడుగులుండెనని పండితులు లెక్కించుచున్నారు. పడమటి భాగమును మొదట పచ్చికపెళ్లలతో కట్టి, పిమ్మట రాతితో మార్చిరి. ఒక్కొక్క రోమను మైలునకు ఒక చిన్నకోటయు, రెండు కోటల నడుమ రెండేసి బురుజులును, ఉత్తరపు వైపున లోతైన కందకమును, దక్షిణపు వైపున ఇరుప్రక్కల మట్టికట్టలుగల మఱియొక పెద్ద కందకమును, అక్కడక్కడ వందలకొలది సిపాయీలు కాపురముండదగిన పెద్దకోటలును దీనికి అంగములుగ నుండెను.

మన విద్యార్థులు చరిత్రపాఠములలో ఈ గోడ పేరు వినియే యుందురు. దీనిని కట్టించిన చక్రవర్తి జీవితము వ్రాయుట మా యుద్దేశము కాదు. అతనిని గూర్చి పెద్ద గ్రంథములు గలవు. ఆ గోడ పుట్టిన 1,679 సంవత్సరములకు, దానిని కన్నులార చూడవలెనను కోరికతో 600 మైళ్లు కాలినడకను పోయివచ్చిన ఒక కాగితముల వర్తకుని చరిత్రమును మాత్రమే మేమిచ్చట చెప్పదలచితిమి. ఆయన పేరు విల్లియం హట్టను. ఆ యాత్ర చేయునాటికి ఆయనకు డెబ్బదియెనిమిదవ యేడు నడచుచుండెను.

బాల్యము

హట్టను 1723వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదిని డర్బీ పట్టణమున జన్మించెను. తండ్రి గొఱ్ఱెబొచ్చు దువ్వు కూలివాడు. ఇల్లు మిక్కిలి పేదది. బాలుడు అయిదవ యేట బడికి పోయెను గాని, అక్కడి పంతులు విద్యకంటె దెబ్బలనే యెక్కువగా నిచ్చుచుండెను. పిల్లవాని జుట్టు పట్టుకొని తలను గోడకు కొట్టెడివాడట. ఆ చదువైనను రెండేండ్లతో ముగిసెను. ఏడవ యేట తండ్రి వానిని డర్బీలోని పట్టుమిల్లులో పనికి చేర్చెను. అది నీటిబలముచే నడచు పెద్ద యంత్రశాల. అందు మూడువందలమంది పనివారుండిరి. వారందఱిలోను ఈ బాలుడే చిన్నవాడు. యంత్రము వానికందలేదు. అందుచేత ఎత్తైన కొయ్యచెప్పులు చేయించి వాని పాదములకు కట్టిరి. ఒక యేడాది వఱకు, అనగా ఎదుగువఱకు, ఆ బరువును ఈడ్చుకొని తిరుగుచు పనిచేసెను.

ఉదయము అయిదుగంటలకే లేవవలెను. ఆలస్యమైనచో బెత్తము సిద్ధముగ నుండును. 1731వ సంవత్సరము క్రిస్మసు పండుగ దినములలో జరిగిన సంగతి యొకటి హట్టను ముసలితనమునందును మఱువలేదు. రాత్రి మంచు గడ్డకట్టి వీథులన్నియు అద్దమువలె నయ్యెను. బాలుడు మేల్కాంచి కిటికీలో వెలుగు చూచి తెల్లవారినదని యేడ్చుచు తండ్రి మంచమునొద్దకు పోయి గంట యెంతయని యడిగెను. తండ్రి ఆఱై యుండుననెను. పిల్లవాడు భయముతో పరుగెత్తెను. ఇన్నూఱు గజములైన లేని త్రోవలో తొమ్మిదిసార్లు జాఱిపడెను. మిల్లు చేరి చూడగా దీపము లేదు. మంచుమీది వెలుగు వానిని మోసగించినది. తిరిగి వచ్చుచుండగా ఊరి గడియారము రెండు కొట్టెను. ఎనిమిదేండ్ల పసివానికి దెబ్బల భయమట్టిది. అట్లే ఏడేండ్లు గడచెను. ఇంతలో 1733లో తల్లియు చనిపోయెను.

మేజోళ్ల మగ్గము

పట్టుమిల్లు నొప్పందము తీరినపిమ్మట హట్టను నాటింగుహాము పట్టణమున తన పినతండ్రియొద్ద మేజోళ్లు అల్లు మగ్గమునకు చేరెను. ఇదియు ఏడేండ్ల యొప్పందమే. కూడు చాలకుండుట, పని యెక్కువగుట, మాటలు పడుట అక్కడ దినచర్యగ నుండెను. 1741లో గుఱ్ఱపుపందెముల వారమున పని తక్కువ చేసెనని పినతండ్రి కొట్టగా, అవమానము భరింపలేక ఇల్లువిడచి పాఱిపోయెను. త్రోవలో లిచ్చిఫీల్డు సమీపమున ఎవరో వాని మూటలు దొంగిలించిరి. ఆకలితో, చేతిలో పైకము లేక, పని దొరకక ఊరూరు తిరిగి కడకు తండ్రి మధ్యవర్తిత్వమున మరల పినతండ్రి గూటికే చేరెను. ఆ తిరుగుటలోనే ఆయన మొదటిసారి బర్మింగుహాము పట్టణము చూచెను. అచ్చటి మనుష్యుల చుఱుకుదనము ఆయన మనసున నాటుకొనెను.

మేజోళ్ల పనిలో కూలి గిట్టుబాటు కాకుండెను. హట్టనునకు పుస్తకములన్న ప్రీతి కలిగెను. చిరిగిన పుస్తకములు చవుకగా కొని, వానిని తానే కుట్టుకొనుచు, చూచి నేర్చి, 1746 ప్రాంతమున పుస్తకములకు అట్టలుకట్టు పని యలవఱచుకొనెను. గురువెవరును లేరు. ఆ పనికి వలసిన సరకు లండనులోగాని దొరకదు. 1749లో ఆయన అక్క కేథరీను ఎట్లో మూడు గినీలు సమకూర్చి, దొంగల భయముచే వానిని తమ్ముని చొక్కాపట్టీలో కుట్టెను; జేబులో ఖర్చునకు పదునొకండు షిల్లింగులు పెట్టెను. ఆయన మూడు దినములు నడచి లండను చేరెను. మూడు దినములచ్చట నుండి పనిముట్లు కొనెను. మూడు దినములు నడచి తిరిగివచ్చెను. తొమ్మిది దినముల ఖర్చుపోగా జేబులో నాలుగు పెన్నీలు మిగిలెను. నడచుట ఆయనకు వినోదము కాక పూర్వమే జీవనోపాయమై యుండెనని విద్యార్థులు గమనింతురు గాక.

పుస్తకముల దుకాణము

ఆ సంవత్సరమే సౌతువెల్లు అను చిన్నయూరిలో ఏటికి ఇరువది షిల్లింగుల బాడుగకు ఒక దుకాణము పుచ్చుకొనెను. అది నాటింగుహామునకు పదునాలుగు మైళ్లు. ప్రతి శనివారము తెల్లవారుజామున అయిదుగంటలకు పుస్తకముల మూట వీపున వేసుకొని బయలుదేరి, పదిగంటలకు దుకాణము తెఱచి, రొట్టెయు జున్నుగడ్డయు తిని, ఒకటి మొదలు ఆఱు షిల్లింగుల వఱకు అమ్మి, నాలుగుగంటలకు మూసి, రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరెడివాడు. వానలు కురిసిన శీతకాలమంతయు ఇట్లు గడపెను.

1750లో బర్మింగుహామునకు పోయి బుల్లువీథిలో వారమునకు ఒక షిల్లింగు బాడుగకు సగము అంగడి తీసికొనెను. వారమునకు అయిదు షిల్లింగులతో తిండి, బస, చాకలి ఖర్చు అన్నియు సరిపెట్టుకొని, మొదటి యేడాది చివరకు ఇరువది పౌనులు మిగిల్చెను. ఆ దినములలో ఆ పట్టణపు దరిద్రపోషణాధికారులు ఈ కొత్తవాడు రేపు తమ పారిషునకు భారమగునేమో యని శంకించి, సొంతయూరినుండి యోగ్యతాపత్రము తెమ్మనియు, లేనిచో వెళ్లగొట్టుదుమనియు బెదరించిరి. 1768లో అదే పట్టణపువారు ఆయననే దరిద్రపోషణాధికారిగ నెన్నుకొనిరి. నడుమ జరిగిన దేమనగా, 1751లో పుస్తకములను అద్దెకిచ్చు గ్రంథాలయము పెట్టెను; ఆ పట్టణమునకు అదియే మొదటిది. 1755లో సారా కాక్కు అను నామెను వివాహమాడెను. 1756లో కాగితముల గిడ్డంగి తెఱచెను. ఆ వ్యాపారము ఆయనను ధనవంతుని జేసెను.

చిన్న బాకీల వ్యాజ్యెములు తీర్చు న్యాయస్థానమునకు ఆయన కమీషనరుగ నుండి పెక్కేండ్లు జీతములేక పనిచేసెను. పేదల తగవులను వినుటలో ఆయనకు విసుగులేకుండెను. ఏబదియాఱేండ్ల ప్రాయమున, అనగా ఇతరులు విశ్రాంతి కోరు వయసున, గ్రంథరచన కారంభించెను. 1781వ సంవత్సరపు తేదితో వెలువడిన బర్మింగుహాము పట్టణచరిత్రము ఆయన మొదటి పుస్తకము. రెండేండ్ల బడిచదువు మాత్రమే గలవాడు ఒక మహాపట్టణమునకు తొలి చరిత్రకారుడయ్యెను.

మూక చేసిన నష్టము

1791వ సంవత్సరము జూలై నెలలో ఆ పట్టణమున గొప్ప యల్లరి జరిగెను. రాజాంగసంఘమైన ఇంగ్లాండు సంఘమునకు చేరని క్రైస్తవులను డిసెంటరులందురు. శాస్త్రజ్ఞుడగు జోసెఫు ప్రీస్ట్లీ వారిలో ప్రముఖుడు. ఫ్రెంచి విప్లవమును మెచ్చుకొనిరను కోపముతో మూకలు వారి ప్రార్థనాలయములను, ఇండ్లను కాల్చిరి. హట్టనును డిసెంటరే. అదియుగాక, న్యాయస్థానమున బాకీలు చెల్లింపుమని తీర్పునొందిన కొందఱు ఆయనపై పగబట్టియుండిరి. మూక ఆయనను పట్టుకొని సారాయంగడికి లాగికొనిపోయి, ఆయన లెక్కలో 329 గాలనుల బీరు త్రాగెను. త్రాగినందున దయ కలుగలేదు. ఆ రాత్రి ఆయన దుకాణమును దోచిరి. మఱునాడు పట్టణము వెలుపలనున్న బెన్నెట్సు హిల్లు అను ఇంటిని కాల్చిరి. నలువదియేండ్ల కష్టార్జితము రెండు దినములలో బూడిదయ్యెను. ఆయన 6,736 పౌనుల నష్టము చూపగా, న్యాయస్థానము 5,390 పౌనులు ఇప్పించెను.

ఈ నష్టముకంటె, తాను మేలుచేసిన ఊరివారే ఇట్లు చేసిరను దుఃఖము ఆయనను ఎక్కువగ కలచెను. అయిదేండ్లకు, 1796లో, నలువదియేండ్లు తోడైన భార్యయు గతించెను. వ్యాపారమును కుమారునకప్పగించి, కుమార్తె కేథరీనుతో బెన్నెట్సు హిల్లున నివసించుచు, చదువుచు, నడచుచు కాలము గడపెను. కాలిన పుస్తకములను, కూలిన గోడలను తన కన్నులతో చూచినవాడు గనుకనే, ఇతరుల కాలపు శిథిలములను చూచినప్పుడు ఆయనకు అంత యాప్యాయత కలిగెనని మాకు తోచుచున్నది.

గోడ యాత్ర

రోమను గోడను గూర్చి అంతకు ముందే పండితులు పెక్కు వ్రాసియుండిరి. వారిలో కొందఱు దానిని అక్కడక్కడ చూచిరి. కొందఱు చూడకయే వ్రాసిరి. మొదటినుండి చివరవఱకు తన కాళ్లతో కొలువవలెనని హట్టను నిశ్చయించుకొనెను. 1801వ సంవత్సరము జూలై 4వ తేదిని బర్మింగుహాము నుండి బయలుదేరెను. కేథరీను నౌకరు వెనుక గుఱ్ఱముపై కూర్చుండి తోడువచ్చెను. తండ్రి మాత్రము గుఱ్ఱమెక్కనొల్లలేదు. ప్రతిదినము తెల్లవారుజామున నాలుగుగంటలకు ఒంటరిగ నడక సాగించి, ముందుగ అనుకొన్న సత్రమున కుమార్తెను ఉదయభోజనమునకు కలిసికొనెడివాడు. అడుగు తొందరలేనిది, ఆగనిది.

ఆయన వేషము చిత్రముగ నుండెను. నల్లని యుడుపు, తపాలాబంట్రోతు సంచివంటి నల్లసంచి, అందు గోడ పటములు, సంచికి తోలుపట్టీతో కట్టిన ఆకుపచ్చ గలీబులోని గొడుగు. ఏ భుజము తక్కువ అలసియుండునో దానిపై ఆ మూటను మార్చుకొనుచుండెను. త్రోవలో ప్రసిద్ధమైన సరస్సులు తగిలెను. అవి కాళ్లయెదుట నున్నందున చూచెనేకాని, వానికై ఒక గడియయైనను నిలువలేదని కుమార్తె వ్రాసియుంచెను. పెన్రితు అను నూరిలో ఇరువురు విడిపోయిరి. ఆమె సరస్సుల ప్రాంతమునకును, ఆయన గోడకును పోయిరి.

కార్లైలు పట్టణమునుండి ముందు పడమటగా బౌనెస్సుకు, అనగా గోడ సముద్రమును చేరు చోటికి నడచెను. మరల వెనుదిరిగి, కార్లైలు మీదుగ కొండలును బీళ్లును దాటి, తూర్పుచివరనున్న వాల్సెండు చేరెను. అక్కడనుండి తిరిగి కార్లైలు వచ్చెను. ఒక వారముమీద ఆఱుగంటలలో దేశమును ఈ తీరమునుండి ఆ తీరమునకు రెండుసార్లు దాటెను. జూలై నెల యెండ మాడ్చెను. మోసికొనిపోయిన గొడుగునకు ఆ వారమున ఒక్క చినుకైనను పడలేదు.

గోడ నడుమ భాగమున ఎత్తైన రాతిచఱియలపై, కొండయంచున గోడ పాకిపోవును. హట్టను ఆ యెత్తులు పాకి యెక్కెను. హౌస్‌స్టెడ్సు అను చోట రోమను కోట శిథిలములను, చెల్లాచెదరుగ పడియున్న చెక్కడపు రాళ్లను చూచి విస్మయ మొందెను. పల్లెటూరివారు ఈ ముసలివానిని వింతగ చూచుచుండిరి. ఒక రాత్రి ట్వైసుబ్రూడు అను సత్రమునకు చేరగా, బండ్లవాండ్ర గుంపు వచ్చువఱకు పడక యున్నదో లేదో చెప్పలేమని సత్రమువారనిరి. పదునైదుమందివఱకు బండ్లవాండ్రు వచ్చి, దూడలో సగమంత మాంసమును గడియలో మాయముచేయుట ఆయన వినోదముతో చూచెను. ఎట్టి పడకయైనను చాలును గాని, మఱియొకనితో పంచుకొనజాలనని వేడుకొని, కడకు ఒంటిపడకను సంపాదించెను.

గోడ రాళ్లు ఏమయినవో ఆయనకు త్రోవపొడుగున తెలియుచునే యుండెను. ఊళ్లలోని గుడులు, కొట్టములు, పొలముల చుట్టునున్న ప్రహరీలు ఆ రాళ్లతోనే కట్టబడినవి. అన్నిటికంటె పెద్ద నష్టము సర్కారుచేతనే జరిగినది. 1745లో స్కాట్లండునుండి తిరుగుబాటుసేన దిగివచ్చినప్పుడు, న్యూకాసిలులోనున్న రాజసైన్యము సరియైన బాట లేనందున కార్లైలును కాపాడ పోలేకపోయెను. పిమ్మట 1751లో చట్టముచేసి ఆ రెండు పట్టణముల నడుమ సైనికమార్గము వేసిరి. చాలమైళ్ల దూరము గోడను పడగొట్టి, దాని పునాదిమీదనే ఆ రాళ్లను పఱచి బాట వేసిరి. హట్టను నడచునప్పుడు ఎన్నోచోట్ల తాను చూడవచ్చిన గోడ తన పాదముల క్రిందనే యుండెను.

పడుచున్న గోడయెదుట

చొలర్ఫర్డు సమీపమున ప్లేన్‌ట్రీసు అను చోట హట్టనునకు గొప్ప దుఃఖము సంభవించెను. అచ్చట గోడ ఏడున్నర అడుగుల యెత్తున, 224 గజముల పొడవున నిలిచియుండెను. ఆనాటికి గోడ మొత్తముమీద అట్టి భాగము వేఱొకటి లేదు. హట్టను కొన్ని నెలలు ముందు వచ్చియుండినచో దానిని సంపూర్ణముగ చూచియుండును. ఆ భూమికి యజమానియగు హెన్రీ టూలిప్పు అను నతడు వ్యవసాయపు టిల్లు కట్టుకొనుటకై దానిని పడగొట్టించుచుండెను. హట్టను నిలుచుండి కొలిచెను. 95 గజములు పోయినవి, రాళ్లు తరలిపోయినవి. పిమ్మట 13 గజములు ముండ్లపొదలతో నిలిచియున్నవి. తరువాతి 40 గజములు అప్పుడే పడగొట్టబడి కుప్పలుగ నున్నవి. మఱి 40 గజములు ఏడడుగుల యెత్తున నిలిచియున్నవి. కడపటి 36 గజములు గునపమునకును సుత్తెకును ఉలికిని బలియైనవి.

ఆయన కంట నీరుపెట్టెనని చెప్పుదురు. పనిలోనున్న నౌకరుద్వారా యజమానికి వర్తమానము పంపెను. ఆ మాటల సారాంశమిది. ఈ పని నిలిపివేయవలెను. ఇచ్చట పడు ఒక్కొక్క దెబ్బ ప్రాచీనవస్తువులను ప్రేమించు వారందఱికిని తగులుచున్నది. ఈ గోడకు విలువలేదన్నచో దీనికై ఆఱువందల మైళ్లు నడచిన వానిని ఏమనుకొనవలెను. విలువగలదన్నచో దీనిని పడగొట్టినవాడు కృతజ్ఞతకు పాత్రుడెట్లగును. అయితే, సొత్తు నాది, నా యిష్టము వచ్చినట్లు చేయుదునని యజమాని బదులు చెప్పినచో, అందుకు తాను విచారింపగలడేగాని ఖండింపజాలనని హట్టను తానే ఒప్పుకొని వ్రాసెను.

ఈ ఒప్పుకోలును మనము శ్రద్ధగ ఆలోచింపవలెను. ఆనాడు ఇంగ్లాండులో ప్రాచీన కట్టడములను రక్షించు చట్టమేదియు లేదు. అట్టి మొదటి చట్టము 1882లోగాని పుట్టలేదు. తన సొంత ఇంటిని మూక కాల్చినప్పుడు, సొత్తుపై యజమానికిగల హక్కునే ఆధారముగ గైకొని హట్టను న్యాయస్థానమున నష్టపరిహారము పొందెను. ఆ హక్కునే ఇప్పుడు తోసిపుచ్చుట ధర్మము కాదని ఆయన యెఱుగును. కాని, ఒకని పొలములోనున్నంత మాత్రమున పదునాఱు వందల యేండ్ల జ్ఞాపకము వాని యొక్కనిదే యగునా యను ప్రశ్న ఆయన హృదయమున మిగిలిపోయెను. అధికారములేని వృద్ధుడు చేయగలిగినది బ్రతిమాలుట యొక్కటే. ఆయన దానిని మానలేదు. ఆ మాటలు చెవినిబడియో, మఱి యే కారణముచేతనో, ప్లేన్‌ట్రీసులో గోడ సమూలముగ పోలేదు. అందొక ముక్క నేటికిని నిలిచియున్నది. వెడల్పుగ వేసిన పునాదిపై సన్నని గోడ లేచుట అందు స్పష్టముగ కనబడును. రోమకులు పని నడుమ తమ కొలతను తగ్గించుకొనిరని పండితులకు బోధించు ప్రధాన సాక్ష్యములలో ఆ ముక్క యొకటి. అదియు పోయియుండినచో ఆ పాఠము చెప్పు స్థలమొకటి తగ్గియుండును.

ఇంటికి తిరిగివచ్చుట

హట్టను ఆగస్టు 7వ తేదిని ఇల్లు చేరెను. 35 దినములు, 601 మైళ్లు, నలువది గినీల ఖర్చు, దేహమున పదునాలుగు పౌనుల బరువు తగ్గుట. ఇది ఆయన వేసిన లెక్క. యాత్రయంతయు ఒకే జత జోళ్లతో జరిపెను. మేజోళ్లు అల్లిన చేతులవాడగుటచే వానిని కాపాడుకొను విధమును ఎఱిగియుండెను కాబోలు! మఱుసటి యేడు, 1802లో, రోమను గోడ చరిత్రమును ప్రకటించెను. అందు పాండిత్యపు బరువు తక్కువ. నడచినవాని కన్ను, హాస్యము, జాలి యెక్కువ. ఆనాటి పండితులవలెనే ఆయనయు రాతిగోడను సెవెరసు చక్రవర్తి కట్టించెననియు, హేడ్రియనువి మట్టికట్టలు మాత్రమేననియు నమ్మెను. 1840లో జాను హాడ్జిసను అను మతబోధకుడు శిలాశాసనముల యాధారమున, రాతిగోడయు హేడ్రియనుదే యని చూపెను.

గోడ పొడవునంతయు నడచినవారిలో తాను మొదటివాడనియు, బహుశః కడపటివాడు కూడ ననియు హట్టను తలంచెను. రెండవ తలంపు నిజము కాకపోవుట మనకు సంతోషము. చెస్టర్సు అను చోట కాపురమున్న జాను క్లేటను (1792–1890) గోడ పోవు పొలములను ఒక్కొక్కటిగ కొని, రాళ్లెత్తుకొనిపోవుట మాన్పించి, పడినదానిని నిలిపెను. యజమాని హక్కును హట్టను ఖండింపలేకపోయెను. క్లేటను తానే యజమానియై ఆ చిక్కును విడదీసెను. 1849లో కాలింగువుడ్డు బ్రూసు అను ఉపాధ్యాయుడు కొందఱిని వెంటబెట్టుకొని గోడపొడుగున యాత్ర నడపెను. అట్టి యాత్రలు సుమారు పదేండ్లకొకసారి నేటివఱకు జరుగుచున్నవి. 1973 మొదలుకొని విండొలాండా కోటలో సిరాతో వ్రాసిన పలుచని కొయ్యరేకులు దొరకినవి. అందొకదానిలో ఒక సిపాయికి మేజోళ్లును చెప్పులును లోయుడుపులును పంపినట్లున్నది. మేజోళ్ల పనివాడైన హట్టను అది చదివియుండినచో ఎంత మురిసిపోయెడివాడో! 1987లో ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థయగు యునెస్కో ఈ గోడను ప్రపంచ వారసత్వ స్థలముగ నంగీకరించెను. 2003లో సముద్రమునుండి సముద్రము వఱకు 84 మైళ్ల కాలిబాట తెఱచిరి. ఏటేట వేలకొలది జనులు అందు నడచుచున్నారు.

హట్టను తన జీవితచరిత్రమును తానే వ్రాసియుంచి, 1815వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదిని, తొంబదిరెండేండ్లు నిండుటకు పది దినములు తక్కువగ, మరణించెను. మఱుసటి యేడు కుమార్తె కేథరీను దానిని అచ్చువేయించెను. ఆమెయు మంచి రచయిత్రియై తొంబదియేండ్లు జీవించెను.

మన దేశమునకు సంబంధించిన మాట

ఇది దూరదేశపు కథ యని మన పిల్లలు తలంపరాదు. గోడ కట్టించిన ఆ హేడ్రియను ముఖము మన తెలుగు నేలలోను దొరకినది. హట్టను కాలముననే, పదునెనిమిదవ శతాబ్దము చివర, నెల్లూరు సమీపమున ఒక రైతు రాతిమిట్ట ప్రక్కను దున్నుచుండగా నాగలికి ఇటుకకట్టడము తగిలెను. త్రవ్వి చూడగా చిన్నగుడి శిథిలమును, దాని క్రింద ఒక కుండయు, అందు రోమను బంగారు నాణెములును కనబడెను. అవి ట్రాజను, హేడ్రియను చక్రవర్తులవియు, ఫాస్టీనా మహారాణివియు. పూర్వము మన తీరములకు వచ్చిన వర్తకులు తెచ్చిన ధనమది. పాపము, ఆ రైతు వానిని వట్టి బంగారముగ అమ్మెను. పెక్కు నాణెములు కరగిపోయినవి. కొన్ని మాత్రము మిగిలినవి. అదే దశకములలో అమరావతి స్తూపపు చెక్కడపు రాళ్లు కొత్త కట్టడములకు తరలిపోవుచుండగా, మెకంజీ దొర పోయి చూచి, 1816లో మరల వచ్చి, మిగిలినవానికి చిత్రములు వ్రాయించెను. రైతును నిందింపలేము, టూలిప్పునువలెనే అతడును తనకు దొరకిన దానిని తన యవసరమునకు వాడుకొనెను. విలువ తెలిపినవా రెవరును లేకపోయిరి.

ఆ తెలుపుట చదువుకొన్నవారి పని. హట్టనునకు అధికారము లేదు, పట్టాలు లేవు, పెద్దల తోడు లేదు. చూచుటకు కన్నులు, నడచుటకు కాళ్లు, చూచినదానిని ఉన్నదున్నట్లు వ్రాయుటకు ఓపిక యుండెను. బాలబాలికలారా, మీ యూళ్లలో పాతకోటబురుజో, శాసనపురాయియో, పాడుపడిన బావియో యుండును. సెలవులకు ఇండ్లకు పోయినప్పుడు దానియొద్దకు నడచి పోవుడు. ఎంత పొడవో, ఎంత యెత్తో కొలిచి వ్రాయుడు. దానినుండి ఎవరైన రాయి తీయుచున్నచో మర్యాదతో అడ్డుచెప్పుడు. తల్లిదండ్రులకు మా విన్నపమేమనగా, పిల్లలు అట్టి పనికి పోవ నడిగినప్పుడు ఎండయని వారిని ఆపక, త్రాగునీరిచ్చి పంపవలెను. చేతగాదని కూర్చుండక డెబ్బదియెనిమిదవ యేట వృద్ధుడు నడచి వేసిన కొలతలు, రెండువందల యేండ్లు దాటినను, ఆ గోడను గూర్చి వ్రాయువారికి నేటికిని పనికివచ్చుచున్నవి.